రెండు చింతగింజలంత బంగారం

ఆ రోజుకు తోంగ్‌దీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గుడికి వెళ్లి భిక్షాపాత్రలో బంక అన్నం పెట్టి రావడం, వాకిట్లో పడి ఉన్న ఎనిమిది పాత టీవీలను విప్పడం, నీడ తిరిగాక ఉయ్యాల మంచంలో ఒక కునుకు తీయడం. ఇందులో బంగారం ఊసు ఎక్కడా లేదు. అతని పేరుకు మేలిమి బంగారం అని అర్థమే గాని, యాభై రెండేళ్ల వయసులో అతని ఒంటి మీద గురిగింజెత్తు బంగారం ఎవరూ చూసి ఎరగరు.

నోంగ్‌ఫాయ్ ఊళ్లో వరి కోతలు అయిపోయాక అందరిదీ విప్పుడు పనే. ఒక వాకిట్లో ఫ్రిజ్‌లు, ఇంకో వాకిట్లో వాషింగ్ మెషీన్లు, ఆ పక్కన కంప్యూటర్లు. ఇనుము ఒక కుప్ప, రాగి తీగ ఒక కుప్ప, ప్లాస్టిక్ ఒక కుప్ప. టీవీల్లోనూ ఫోన్లలోనూ గుండెకాయల్లా ఉండే సర్క్యూట్ బోర్డులను మాత్రం పచ్చ పలకలంటారు. వాటిని బస్తాలకెత్తి వ్యాపారం చేసే హువై అక్కకు తూకానికి అమ్మేస్తారు. తర్వాత అవి ఎక్కడికి పోతాయో, ఏమవుతాయో తోంగ్‌దీ ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. చేప అమ్మినవాడు కొన్నవాళ్లింటికి వెళ్లి పులుసెలా కుదిరిందని అడుగుతాడా?

గుడి మెట్ల మీద పెద్ద భిక్షువు తాతగారు ఇత్తడి పళ్లెం వైపు దిగులుగా చూస్తూ కూర్చున్నారు. వచ్చే నెల పున్నమికి కొత్త బుద్ధ విగ్రహాన్ని పోత పోయాలి. ఒంటికి కావలసిన కంచు సమకూరింది. తల మీద జ్వాల ఆకారంలో లేచే శిఖకు మాత్రం బంగారమే పోయాలని ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం జరిగిన మర్నాటి నుంచే బంగారం ధర చెట్టెక్కి కూర్చుంది. నెల రోజులుగా పెట్టి ఉంచిన పళ్లెంలో ఒక జత చెవిపోగులు పడ్డాయి. వాటిలో ఒకటి ఇత్తడిది.

"నాయనా తోంగ్‌దీ, నువ్వు విప్పే ఆ పచ్చ పలకల్లో బంగారం ఉంటుందటగా?" అని అడిగారు తాతగారు.

తోంగ్‌దీకి తెలియదు. ఉంటుందని వినడమే గాని కంట చూసింది లేదు. కానీ ఊళ్లో అందరికంటే వేగంగా టీవీ విప్పేవాడు తెలియదని ఎలా అంటాడు?

"ఉంటుందండీ తాతగారూ. బోలెడు."

"తీయొచ్చా?"

"ఎంత పనండీ!"

"నీకు వచ్చా?"

అక్కడ కాస్త నోరు కట్టుకుని ఉంటే సరిపోయేది.

"నాకు రాకపోతే ఇంకెవరికొస్తుందండీ?" అన్నాడు తోంగ్‌దీ.

వెనక చీపురు పట్టుకుని ఊరిపెద్ద విరాత్ ఉన్నాడని అతను చూసుకోలేదు. విరాత్ చేతిలో చీపురు ఉన్నా మనసెప్పుడూ మైకు మీదే ఉంటుంది. అరగంట తిరగకుండానే ఊరి లౌడ్ స్పీకర్ గరగరలాడింది.

"మన తోంగ్‌దీ పాత ఫోన్లలోంచి బంగారం తీస్తాడట! పనికిరాని ఫోన్లుంటే గుడికిచ్చి పుణ్యం కట్టుకోండి! ఆ బంగారం బుద్ధుడి తలకెక్కుతుంది!"

ఆ పూట గాలి ఎదురుగా వీస్తోంది. వాగు అవతలి ఊరికి చేరేసరికి సగం మాటలు నీళ్లలో రాలిపోయాయి. అక్కడివాళ్లకు వినిపించింది ఇది: "తోంగ్‌దీ... పాత ఫోన్లుంటే... ఇచ్చి... బంగారం... కట్టుకోండి!"

ఇంట్లో బొప్పాయి పచ్చడి దంచుతున్న కేసోన్ చేతిలో రోకలి గాల్లోనే ఆగిపోయింది. మొగుడు వాకిట్లో అడుగు పెట్టేదాకా అలాగే ఉంది.

"ఏమయ్యా, ఈ ఊళ్లో ఇంకో తోంగ్‌దీ ఉన్నాడా?"

"లేడు."

"అయితే ఆ బంగారం తీసేది నువ్వేనన్నమాట. పాతికేళ్లుగా కాపురం చేస్తున్నాను, ఈ విద్య ఎక్కడ దాచావు?"

తోంగ్‌దీ స్క్రూడ్రైవర్ వెతుక్కోవడంలో మునిగిపోయాడు. అది అతని చేతిలోనే ఉంది.

సాయంత్రానికి గుడి వసారాలో రెండు వందల ఫోన్లు పోగయ్యాయి. మర్నాటికి ఏడు వందలు. మీటలున్నవి, మడతవి, ఎద్దు తొక్కినవి, కాలవలో పడి ఆరినవి. ఎల్లుండికల్లా ఫోన్లతో పాటు ఫోన్లు కానివీ రావడం మొదలైంది. రైస్ కుక్కర్లు వచ్చాయి. ఫ్యాన్లు వచ్చాయి. వాగు అవతల నుంచి బున్నాక్ పెద్దమ్మ తోపుడు బండి మీద ఏకంగా ఫ్రిజ్ వేసుకొచ్చి, చెమట తుడుచుకుని, తోంగ్‌దీ ముందు మెడ చాచి నిలబడింది.

"నాకు పెద్ద ఆశేం లేదు నాయనా. సన్నగొలుసు చాలు."

"పెద్దమ్మా, ఇక్కడ బంగారం ఇవ్వడం లేదు, తీసుకుంటున్నాం."

"మరి మైకులో కట్టుకోమన్నారుగా?"

"పుణ్యం కట్టుకోమన్నారు."

పెద్దమ్మ చాచిన మెడ వెనక్కు లాక్కుంది. "అయితే నా ఫ్రిజ్ నాకు పడెయ్యి," అంది. ఈ మాటలు తేలేలోగానే దాన్ని బండి దించేశారు, దాని మీద ఇంకో ఏడు ఫ్రిజ్‌లు ఎక్కాయి. పోత రోజున వచ్చి తీసుకుపోతానని ఆమె పదిమంది సాక్షుల ముందు చెప్పి వెళ్లింది.

తోంగ్‌దీ మిగతావన్నీ పక్కకు నెట్టి ఫోన్లు విప్పడానికి కూర్చున్నాడు. ఆ పనిలో అతనికి తిరుగు లేదు. బ్యాటరీ ఒకవైపు, గాజు ఒకవైపు, పలక ఒకవైపు. పన్నెండు వందల చిల్లర ఫోన్లకు ముప్ఫై కిలోల పలకలు తేలాయి. వాటిని రెండు బస్తాల్లో నింపాక అతని చేతులు ఆగిపోయాయి. ఇక చేయవలసింది బంగారం తీయడమే. దాని మొదలేదో, చివరేదో అతనికి తెలియదు.

ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి చెంబుకు పట్టిన కిలుము వదులుతుంది. కిలుమును వదలగొట్టేది బంగారాన్ని మాత్రం వదలగొట్టదా? కేసోన్ సంతకు వెళ్లిన అదను చూసి, పెరట్లో పొయ్యి వెలిగించి, ఆమె పులుసు కాచే పెద్ద గిన్నె పెట్టి, రెండు కిలోల చింతపండు పిసికి, నలభై పలకలు అందులో వేశాడు. గంటసేపు మరిగినా గిన్నె అడుగున బంగారం పోలిక ఉన్నదేదీ కనిపించలేదు. వాసన మాత్రం కమ్మగా వీధి దాకా వెళ్లింది. ఆ వాసన వెంబడే విరాత్ వచ్చాడు.

"తోంగ్‌దీ, వదిన పులుసు పెట్టిందా ఏంటి? ఘుమఘుమలాడిపోతోంది!" అంటూ చనువుగా గరిటె ముంచి పైకెత్తాడు. గరిటెలో పచ్చగా, నలుచదరంగా, కాళ్లు కాళ్లుగా ఏదో లేచింది.

"ఇదేం చేపరా?"

తోంగ్‌దీ జవాబు చెప్పేలోగా వెనక నుంచి సంచీ కిందపడిన చప్పుడైంది. కేసోన్ వచ్చేసింది. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేదని తోంగ్‌దీకి అనిపించింది. విరాత్ చేతిలోంచి గరిటె లాక్కుని, పొయ్యి ఆర్పి, గిన్నె వంక, మొగుడి వంక మార్చి మార్చి చూసింది.

"వీటిలో సీసం ఉంటుందని చుట్టుపక్కల పిల్లల్ని దగ్గరికి రానివ్వవు. ఆ సీసంతో నా గిన్నెలో పులుసు కాచావా? ఇంకో క్షణమైతే ఊరిపెద్ద రుచి చూసేవాడు!"

విరాత్ గొంతు తడుముకుంటూ నిశ్శబ్దంగా జారుకున్నాడు. తోంగ్‌దీ మట్టి అరుగు మీద కూలబడ్డాడు.

"నాకు రాదు కేసోన్. బంగారం తీయడం నాకు రాదు. అసలుందో లేదో కూడా తెలియదు."

"ఆ సంగతి నాకు లౌడ్ స్పీకర్ మోగిన రోజే తెలుసు. తెలియనిది తెలియదంటే పళ్లు రాలిపోతాయా? లే. తెలిసినవాళ్లెవరో వాళ్లనే అడుగుదాం."

ఆమె గిన్నెను పనికిరాని సామాను కుప్పలో పడేసి, అదే నడకన హువై అక్క దుకాణానికి వెళ్లింది. హువై అక్క కడుపుబ్బ నవ్వి, కళ్లు తుడుచుకుని, మేనకోడలు నిరమోన్‌కు ఫోన్ కలిపింది. నిరమోన్ రయోంగ్ సముద్రపు ఒడ్డున, పలకలను కరిగించి శుద్ధి చేసే ఒక కర్మాగారంలో ఇంజనీరు. అక్కడి పెద్ద కొలిమిలో అందరి సరుకూ కలిసిపోతుంది, ఎవరి బంగారం ఎవరిదో చెప్పలేరు. కానీ బుద్ధుడి తలకని తెలియగానే మేనేజరు తన మెడలోని తాయెత్తు కళ్లకద్దుకుని, పరీక్షల కోసం ఉంచిన చిన్న కొలిమిలో విడిగా తీయడానికి ఒప్పుకున్నాడు.

"నేనూ వస్తాను," అన్నారు తాతగారు. "నువ్వు ఊరికి మాటిచ్చావు. నేనేమో ఊరిని నమ్మనిచ్చాను. ఇద్దరం కలిసే తేల్చుకుందాం."

తోంగ్‌దీ పికప్ వ్యానులో ముందు సీట్లో తాతగారు కూర్చున్నారు. భిక్షువు పక్కన ఆడవాళ్లు కూర్చోకూడదు గనుక కేసోన్ వెనకాల రెండు బస్తాల మీద గొడుగు వేసుకుని కూర్చుంది. పది గంటల ప్రయాణంలో ఆమె గొడుగు రెండుసార్లు ఎగిరిపోయింది. రెండుసార్లూ బండి ఆపించి, వెనక్కు నడిచి, తెచ్చుకుంది.

కర్మాగారం గేటు దాటగానే తోంగ్‌దీ బండి ఆపేశాడు. అతను చేత్తో విప్పిన పలకల్లాంటివి కొండలుగా పోసి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా తన వాకిట్లోంచి వెళ్లినవన్నీ ఇక్కడికే వచ్చి తన కోసం కాచుకుని ఉన్నట్టనిపించింది. నెత్తిన పసుపు టోపీతో, తోంగ్‌దీ భుజం దాకా కూడా రాని నిరమోన్ ఆ కొండల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, తాతగారికి మోకాళ్ల మీద వంగి నమస్కరించింది.

"ముందు వీటిని పొడి చేస్తాం బాబాయ్," అంటూ మొదటి బస్తాను పిండిమర లాంటి యంత్రం నోట్లోకి వంచమని పనివాడికి చెప్పింది. అతను వంచాడు. సరిగ్గా అప్పుడే బస్తాలోంచి డప్పులతో, వెదురు గొట్టాల కేన్ వాద్యంతో హుషారైన ఊరి పాట మొదలైంది.

"ఆపండి!" అని నిరమోన్ పెట్టిన కేకకు యంత్రం ఆగింది. దాని వెనక ఇంకో మూడు యంత్రాలు ఆగాయి. పైన నడుస్తున్న క్రేన్ ఆగింది. "లోపల బ్యాటరీ ఉన్న ఫోను ఉంది! నలిగితే అంటుకుంటుంది!"

అగ్నిమాపకపు ఎర్ర బుడ్లు పట్టుకుని నలుగురు పరుగెత్తుకొచ్చారు. తోంగ్‌దీ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఒక్కొక్కటీ నా చేత్తో విప్పాను తల్లీ! ఒట్టు! ఒక్కటీ వదల్లేదు!" అంటూ అతనే వంగి పలకలు తోడాడు. రెండు బస్తాలూ పట్టా మీద గుమ్మరించారు. కేసోన్, మేనేజరు, ఎర్ర బుడ్లవాళ్లు అందరూ చతికిలబడి వెతికారు. పాట ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. చివరికి అట్టడుగున కాషాయ గుడ్డలో చుట్టిన ఫోను దొరికింది. తెర మీద విరాత్ పేరు మెరుస్తోంది.

తోంగ్‌దీ గుడ్డను గుర్తుపట్టాడు. "తాతగారూ, ఇది మీది కదండీ! పొరపాటున పడిపోయినట్టుంది. ఇదిగో, ఊరిపెద్ద గారు..."

"ఎత్తకు నాయనా," అన్నారు తాతగారు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన తల వంచుకున్నారు. "పొరపాటున పడలేదు. నేనే వేశాను. కిందటేడు ఎవరో ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగితే మోకాళ్లు నొప్పి, రెండూ అన్నాను. ఆ పక్షం లాటరీలో చివరి అంకె రెండు తగిలింది. ఆ రోజు నుంచీ తెల్లారితే చాలు ఫోన్లు. ఎన్ని ముద్దలు తిన్నారు, ఎన్నిసార్లు దగ్గారు, కలలో ఎన్ని ఏనుగులు వచ్చాయి అని. మూడు వందల అరవై రోజులుగా నేను అంకె పలకడం మానేశాను. వానలెన్ని పడ్డాయో కూడా చెప్పను. ఈ ఫోను కూడా బంగారమైపోతే దానికీ మోక్షం, నాకూ మోక్షం."

ఆయన ఒక అంకె పలికారని ఆయనకు తోచలేదు. మేనేజరు మాత్రం చేతి మీద ఏదో రాసుకున్నాడు.

నిరమోన్ నవ్వు ఆపుకుంటూ ఫోను విప్పి, బ్యాటరీ తీసి, పలకను కుప్పలో కలిపింది.

తర్వాతి ఆరు రోజులూ ముగ్గురూ అక్కడి గుడి సత్రంలో బస చేశారు. పొద్దున్నే కర్మాగారానికి వెళ్లి, తోంగ్‌దీ ఒక మూల స్టూలు మీద కూర్చుని కళ్లప్పగించి చూసేవాడు. మొదటి రోజు కునుకు కూడా వచ్చింది. రెండో రోజు నుంచి కునుకు రాలేదు.

పలకలు పొడి అయ్యాయి. పొడిని రాగితో కలిపి కొలిమిలో వేశారు. ప్లాస్టిక్కూ గాజూ మసిగా, చిట్టెంగా తేలిపోయాయి. పొగ ఒక్క పోగు కూడా బయటికి పోలేదు. గొట్టాల్లోంచి వెళ్లి, నీళ్లలో మునిగి, వడపోత సంచుల్లో చిక్కుకుని, తెల్లటి ఆవిరిగా తేలింది. ఊళ్లో తీగలు కాల్చేవాళ్ల వాకిళ్ల మీద కమ్మే నల్లటి పొగ తోంగ్‌దీకి గుర్తుకొచ్చింది. కొలిమి అడుగున ఎర్రటి రాగి దిమ్మ మిగిలింది.

"బంగారం ఏదమ్మా?" అన్నాడు.

"అందులోనే ఉంది బాబాయ్. రాగి దాన్ని ఒళ్లో పెట్టుకుంది."

రాగి దిమ్మను పలకగా పోసి, నీలపు నీళ్ల తొట్టిలో వేలాడదీసి, ఎదురుగా ఇంకో పల్చటి రాగిరేకును వేలాడదీసి, కరెంటు పెట్టారు. చప్పుడు లేదు, పొగ లేదు, ఏమీ లేదు. కానీ మర్నాటికి ఈ పలక పల్చబడింది, ఆ రేకు మందమైంది. మూడో నాటికి ఈ పలక జల్లెడలా అయింది, ఆ రేకు గులాబి రంగులో నిగనిగలాడింది. తోంగ్‌దీ తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎవరూ మోయకుండా, ఎవరూ తోయకుండా రాగి నీళ్లలోంచి నడుచుకుంటూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్లిపోయింది.

"ఈ నీళ్లలో రాగికి నడక వచ్చు," అంది నిరమోన్. "బంగారానికి రాదు. తోడున్న రాగి వెళ్లిపోయాక, నిలబడే చోటు లేక కింద పడిపోతుంది. చూడండి."

తొట్టి అడుగున గుడ్డ సంచీలో నల్లటి బురద. గేదె కాళ్లకు అంటే లాంటి బురద.

తాతగారు దాని మీదికి వంగి చూశారు. "ఇన్నేళ్లుగా భిక్షువుగా ఉన్నాను. పట్టుకున్నవన్నీ వెళ్లిపోతే అడుగున మిగిలేదేమిటో చూడమని అందరికీ చెబుతుంటాను," అన్నారు మెల్లగా. "ఇలా ఉంటుందని మాత్రం అనుకోలేదు."

ఆ బురదను నిరమోన్ గాజు అలమరలో పెట్టి ఏవేవో ఆమ్లాల్లో కరిగించింది. నువ్వులనూనె సీసాను ఎండలో పెట్టినట్టు పసుపుపచ్చగా మెరిసే నీళ్లు తేలాయి. వాటిలో ఏదో కలపగానే నీళ్లు తేరి, అడుగున గోధుమరంగు మడ్డి దిగింది. ఆరో రోజు ఆ మడ్డిని కడిగి వడగట్టి తెల్లటి పింగాణీ గిన్నెలో వేసి, మూస తీసుకురావడానికి పక్క గదికి వెళ్లింది. తాతగారు మధ్యాహ్నం దాటకముందే భోంచేయాలి గనుక తోంగ్‌దీ ఆయనను సత్రానికి తీసుకెళ్లి అప్పుడే తిరిగొస్తున్నాడు. గదిలో కేసోన్ ఒక్కతే ఉంది.

కేసోన్ ఆరు రోజులుగా ఖాళీగా కూర్చుని ఉంది. ఆమె జీవితంలో ఇంత కాలం ఖాళీగా కూర్చోవడం అదే మొదలు. ఎదురుగా బల్ల మీద తెల్లటి గిన్నె, అడుగున ఎండిన కాఫీ మడ్డి. "ఇంత చదువుకున్నవాళ్లు తాగిన గిన్నె కడుక్కోలేరు," అనుకుంటూ ఆమె లేచి, గిన్నెను కుళాయి కింద పెట్టి, వేళ్లతో గుండ్రంగా రుద్దింది.

గుమ్మంలో అడుగు పెట్టిన తోంగ్‌దీకి మొదట అర్థం కాలేదు. గోధుమరంగు నీళ్లు సుడి తిరుగుతూ తూములోకి దిగడం చూశాడు. వెనకే మూసతో వచ్చిన నిరమోన్ మొహం చూశాడు. అప్పుడర్థమైంది.

"కేసోన్! అది బంగారం!"

"ఏది?"

"నువ్వు కడుగుతున్నది!"

కేసోన్ గిన్నె వంక చూసింది. వేళ్ల వంక చూసింది. పాతికేళ్ల కాపురంలో తోంగ్‌దీ ఆమెను అలా చూడలేదు. రెండు ఊళ్ల నుంచి వచ్చిన పుణ్యం ఆమె చేతి మీదుగా తూములోకి పోయింది. ఆమె కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అతనికి కోపం రావలసిన చోట గుండె తరుక్కుపోయింది.

"తప్పు నాదే," అన్నాడు. "రాని విద్య వచ్చన్నది నేను. నిన్నిక్కడిదాకా లాక్కొచ్చింది నేను."

"పిన్నీ, కదలకండి," అంది నిరమోన్. ఆమె గొంతులో ఆశ్చర్యంగా కంగారేమీ లేదు. "కళ్లు తుడుచుకోకండి. చేతులు ఇలా చాపండి." ఒక తొట్టి తెచ్చి కేసోన్ వేళ్లను ఒక్కొక్కటిగా అందులో కడిగింది. గోళ్ల సందులు మెత్తటి కుంచెతో దులిపింది. కేసోన్ నడుముకు కట్టుకున్న గుడ్డను విప్పించి సంచీలో వేసింది. తర్వాత కుళాయి కింద వంగి గొట్టం మర విప్పింది. గొట్టం కింద దట్టమైన వడపోత గుడ్డ ఉంది. దాని మీద గోధుమరంగు మడ్డి బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇక్కడ తూములు బయటికి పోవు పిన్నీ. నేల తుడిచిన గుడ్డల్ని పారేయం, కాల్చి బూడిదలోంచి బంగారం తీస్తాం. చీపుర్లనీ అంతే. పాతబడితే మా బూట్లనీ కాలుస్తాం. మీకంటే ముందు ఈ గిన్నెను ఇద్దరు కడిగేశారు. అందులో ఒకరు మా మేనేజరు గారు."

కేసోన్ ముక్కు ఎగబీల్చింది. గది నాలుగు మూలలా కొత్తగా చూసింది. "బూట్లు కూడానా?" అంది. ఆమె గొంతులో భక్తి లాంటిదేదో వినిపించింది. "నా తర్వాత ఇంత పొదుపుగా ఇల్లు నడిపేవాళ్లను ఇక్కడే చూశాను."

గుడ్డ కాల్చి, మడ్డి మళ్లీ పోగుచేసి, కడిగి, ఆరబెట్టేసరికి సాయంత్రమైంది. కబురు ఎలా పాకిందో, పని దిగినవాళ్లంతా ఇంటికి పోకుండా కిటికీల దగ్గర గుమిగూడారు. నిరమోన్ మడ్డిని అరచేయంత మూసలో వేసి మంట తిప్పింది. మడ్డి మడ్డిలాగే ఉంది. ఎర్రబడింది. అంచులు కుంగాయి. తోంగ్‌దీ స్టూలు మీంచి లేచాడు. ఇన్నాళ్లూ చూసినదంతా ఒక ఎత్తు, ఇప్పుడు ఏమీ కాకపోతే ఎలా అన్న భయం ఒక ఎత్తు.

ఉన్నట్టుండి ఆ మడ్డి తనలోకి తాను ముడుచుకుంది. నిద్రలోంచి ఎవరో కన్ను తెరిచినట్టు, మూస నడిబొడ్డున గుండ్రటి వెలుగు తెరుచుకుంది. అది వణికింది. దాని మీద కొలిమి, కిటికీలు, కిటికీల్లోని మొహాలు అన్నీ చిన్నచిన్నగా కనిపించాయి.

కిటికీ అవతల ఎవరో టోపీ తీశారు. తాతగారు కళ్లు మూసుకున్నారు. తోంగ్‌దీ తన చేతుల వంక చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ చేతులతో విసిరిన, తొక్కిన, బస్తాల్లో కుక్కిన పలకలన్నిటిలోనూ ఇది ఉంది. ఇలాగే, కళ్లు మూసుకుని ఉంది.

చల్లారాక తూచారు. ముప్ఫై ఒకటి పాయింట్ ఏడు గ్రాములు. రెండు చింతగింజలంత. భిక్షువు బంగారం ముట్టకూడదు గనుక కేసోన్ దాన్ని ఖాళీ బామ్ సీసాలో వేసి, దారి పొడవునా గుప్పిట్లోంచి తీయకుండా పట్టుకుంది. ఈసారి ఎగిరిన గొడుగు కోసం ఆమె బండి ఆపించలేదు.

పోత రోజున గుడి ముంగిట ఇసుక వేస్తే రాలనంత జనం. రెండు ఊళ్లూ అక్కడే ఉన్నాయి. ఫ్రిజ్‌ల గుట్ట పక్కన బున్నాక్ పెద్దమ్మ తోపుడు బండితో సహా సిద్ధంగా ఉంది. విరాత్ మైకు పట్టుకుని, "ఏదీ, మన తోంగ్‌దీ తెచ్చిన బంగారం! బుట్ట ఎక్కడ?" అన్నాడు.

తోంగ్‌దీ బామ్ సీసా మూత తీసి, అరటాకు మీద ఒంపాడు. వెనకున్నవాళ్లకు అది కనిపించనే లేదు.

"ఇంతేనా?" అన్నాడు విరాత్, మైకులోనే. జనంలోంచి నవ్వులు లేచాయి. "మా ఎద్దు తొక్కిన ఫోనులో ఎంతొచ్చిందిరా?" అని ఎవరో అరిచారు.

తోంగ్‌దీ మైకు అందుకున్నాడు. "నాకు బంగారం తీయడం వచ్చని చెప్పాను. అబద్ధం. నాకు రాదు. పులుసు మాత్రం పెట్టాను." విరాత్ గొంతు తడుముకున్నాడు. "కానీ తీసేవాళ్లను చూశాను. ఒక్కో ఫోనులో కంటికి ఆననంత, దుమ్ములో దుమ్మంత ఉంటుంది. దాన్ని పొడి చేసి, నిప్పులో కాచి, నీళ్లలో నడిపించి, బురద నుంచి, తూము నుంచి, తుడుపు గుడ్డ నుంచి కూడా వదలకుండా ఏరుకొచ్చారు. మీ అందరి ఇళ్ల నుంచీ వచ్చింది ఇందులో ఉంది. ఎద్దు తొక్కినది కూడా. ఒక్కరిది తీసేసినా ఇది ఇంతలా ఉండేది కాదు." అరటాకు వైపు చూశాడు. "మూసలో అది కన్ను తెరిచినప్పుడు మీరంతా చూసి ఉంటే బాగుండేది," అని మైకు ఇచ్చేశాడు.

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలోవాళ్లు అరటాకు మీదికి వంగారు. వెనకవాళ్లు ముందుకొచ్చారు. ఒక ముసలాయన, "ఇందులో మా చెల్లి ఫోనూ ఉంది," అని పక్కవాడికి గుసగుసగా చెప్పాడు. బున్నాక్ పెద్దమ్మ తోపుడు బండి వదిలేసి జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. ఆకు మీదున్నదాన్ని చూసింది. తన వేలికున్న ఉంగరం లాగింది. రాలేదు. ఉమ్మితో తడిపి, పళ్లు బిగించి, లాగి, పక్కన పెట్టింది.

"అది ఒంటరిగా ఉంది," అంది. "ఫ్రిజ్ కూడా ఉంచుకోండి."

తర్వాత ఎవరి ఉంగరం ముందో, ఎవరి పోగులు వెనకో లెక్క లేకుండా పోయింది. ఇన్నాళ్లూ వెలవెలబోయిన ఇత్తడి పళ్లెం పావుగంటలో నిండింది. పోతగాళ్లు కొలిమి ఊదారు. పుణ్యంలో అందరికీ పాలుండాలని అచ్చుకు కట్టిన తెల్లటి నూలుపోగు పట్టుకుని రెండు ఊళ్లూ మోకాళ్ల మీద కూర్చున్నాయి. ఫోన్లలోని బంగారం, వేళ్ల మీది బంగారం ఒకే ధారగా కలిసి అచ్చులోకి దిగుతుంటే, ఆ వెలుగు పడి అందరి మొహాలూ ఒకే రంగుకు వచ్చాయి. తోంగ్‌దీ పక్కన కేసోన్ అతని చేయి పట్టుకుంది. పదిమంది ముందు ఆమె అలా పట్టుకోవడం అతనికి గుర్తున్నంతలో లేదు.

ధార ఆగింది. తాతగారి కళ్లు చెమర్చాయి. ఆ పారవశ్యంలో ఉండగానే విరాత్ మైకు ఆయన ముందు పెట్టి, ఎంతో వినయంగా అడిగాడు.

"తాతగారూ, అంత కష్టపడి తెచ్చారు కదా. ఫోన్లలోంచి వచ్చింది సరిగ్గా ఎంతండీ?"

"ముప్ఫై ఒకటి పాయింట్ ఏడు గ్రాములు నాయనా," అన్నారు ఆయన.

రెండు ఊళ్లూ ఒక్కసారిగా తలెత్తాయి. గేటు దగ్గర ఒక మోటారు సైకిలు స్టార్టయింది. తర్వాత ఇంకోటి. తాతగారు తన నోటి మీద చేయి పెట్టుకున్నారు గాని అప్పటికే లౌడ్ స్పీకర్ ఆ మాటను వాగు దాటించింది. ఈసారి గాలి అనుకూలంగా ఉంది.

ఆ సాయంత్రానికి జిల్లా మొత్తం మీద మూడు, ఒకటి, ఏడుతో ముగిసే లాటరీ టికెట్లు రెండంటే రెండే మిగిలాయి. ఆ రెండూ కేసోన్ కొనేసింది.